రాజమాత నెత్తిన నిలవని కిరీటం

రాజమాత నెత్తి మీద కిరీటం నిలవదు. ఆవిడ గురించి ముందు చెప్పుకోవాల్సింది ఇదే, చివర చెప్పుకోవాల్సిందీ ఇదే. మిగతావన్నీ ఆవిడ దగ్గర భేషుగ్గా నిలుస్తాయి. ఎంత ఎండలో నిలబెట్టినా కాళ్ళు నిలుస్తాయి. ఎంత బరువు దుస్తులు వేసినా వెన్ను నిటారుగా నిలుస్తుంది. డైరెక్టర్లు చెడామడా తిట్టినా ముఖాన నవ్వు నిలుస్తుంది. కిరీటం దగ్గరికి వచ్చేసరికే వ్యవహారం చెడుతుంది. తీరా అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్న వేళ అది కాస్తా పక్కకి ఒరిగి, కనుబొమ్మల మీద క్షణం ఆగి, ఠంగుమని నేల మీదికి దూకుతుంది.

ఆవిడ నిజం రాజమాత కాదులెండి, సినిమా రాజమాత. కత్తులూ గుర్రాలూ మాట్లాడే పక్షులూ ఉన్న సినిమా ఎవరు తీసినా అందులో ఒక రాజు ఉంటాడు. రాజుకు తల్లి ఉంటుంది. ఆ తల్లికి పనేమీ ఉండదు. సింహాసనం పక్కన నిలబడాలి, కొడుకు యుద్ధానికి పోతుంటే చూడాలి, కబురు తెలిస్తే గుండె మీద చెయ్యి వేసుకోవాలి. అలా నిలబడటానికీ, చూడటానికీ, చెయ్యి వేసుకోవటానికీ మనిషి కావాలంటే స్టూడియోల్లో అందరికీ ఆవిడే గుర్తొస్తుంది. గేటు కాపలావాడి దగ్గర్నుంచి నిర్మాతల దాకా ఆవిణ్ణి రాజమాత అనే పిలుస్తారు. అసలు పేరుతో పిలిస్తే ఆవిడ కూడా ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

కిరీటం నిలవని మనిషిని మళ్ళీ మళ్ళీ ఎందుకు పిలుస్తారని మీరు అడగవచ్చు. ఆవిడ వీపు కోసం పిలుస్తారు. అలాంటి వీపు ఇంకెవరికీ లేదని కెమెరామన్లందరి ఏకాభిప్రాయం. ఆవిడ అటు తిరిగి నిలబడితే ఇటు సైన్యం దానంతటదే వరస కడుతుంది. ముందువైపు చూపిస్తే కిరీటం పడుతుంది కాబట్టి, వెనకవైపు చూపించి పని కానిచ్చేస్తారు. అలా పాతికేళ్ళకు పైగా ఆవిడ వీపు తెరను ఏలింది. ముఖం ఏ సినిమాలోనూ పట్టుమని పది క్షణాలు కనిపించలేదు.

ఈ గోలంతా ఎవరి ప్రాణానికి వచ్చిందంటే, కిరీటాలు చేసే మేస్త్రి ప్రాణానికి వచ్చింది. స్టూడియో వెనక, పాత రథచక్రాలూ విరిగిన సింహాసనాలూ పడేసే షెడ్డులో ఒక మూల ఆయన బల్ల. ఇత్తడి రేకు కత్తిరించి, సుత్తితో పూలూ ఆకులూ తేల్చి, లోపల ఉన్ని గుడ్డ కుట్టి ఆయన చేసే కిరీటాన్ని చేత్తో పట్టుకుంటే దించబుద్ధి కాదు. కానీ కిరీటం పని నెత్తి మీద ఉండటం. కింద పడ్డ కిరీటాన్ని చూసి మేస్త్రి చేతకానివాడనే అనుకుంటారు గాని, నెత్తి చేతకానిదని ఎవరూ అనుకోరు.

ఈ భాగోతం మేస్త్రి మొట్టమొదటి సినిమాలోనే మొదలైంది. అప్పటికి ఆయన నూనూగు మీసాలవాడు. పట్టాభిషేకం సీను. హీరోకి పెద్ద కిరీటం, రాజమాతకి చిన్న కిరీటం. హీరో కిరీటానికి వేసిన బంగారు రంగు తీరా చూస్తే ఆరలేదు. ఆరలేదని చెప్పే ధైర్యం లేక, ఆరినట్టే చేతిలో పెట్టేసి, ఓ మూల నిలబడి కనిపించని దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాడు. లైట్ల వేడికి హీరో నుదుటి మీదికి బంగారం బొట్లు బొట్లుగా కారడం మొదలైంది. డైరెక్టరు హీరో వైపు తల తిప్పబోయాడు. సరిగ్గా అప్పుడు, ఠంగ్. రాజమాత కిరీటం ఊడిపడి, దొర్లుకుంటూ పోయి డైరెక్టరు కుర్చీ కింద దూరింది. ఇక చూడండి, డైరెక్టరు తాండవం. ఆ సందట్లో మేకప్ మనిషి హీరో నుదురు తుడిచేశాడు, ఎవరో హీరో కిరీటాన్ని పట్టుకెళ్ళి ఎండలో పెట్టేశారు.

"ఒక్క రోజే రెండు కొంపలు మునిగాయి. ఒకటి కారింది, ఒకటి జారింది. కారింది ఎవరి కంటా పడలేదు గాని, జారింది మాత్రం లోకమంతా చూసింది," అని మేస్త్రి ఇప్పటికీ నిట్టూరుస్తాడు.

ఆ తర్వాత ఆయన ఆ నెత్తితో చేసిన యుద్ధం ఏ సినిమాలోనూ ఉండదు. పిన్నులు పెట్టాడు, పిన్నులతో సహా పడింది. గడ్డం కింద నుంచి మాంసం రంగు రిబ్బను కట్టాడు, రిబ్బను తెగి పడింది. ఓసారి పంతం పట్టి, విగ్గుకీ కిరీటానికీ కలిపి జిగురు దట్టించాడు. ఆసారి కిరీటం విగ్గును వదల్లేదు, నిజమే. విగ్గే రాజమాతను వదిలేసింది. రెండూ కలిసి వెళ్ళి పవిత్ర జలం ఉన్న గంగాళంలో పడ్డాయి. పాపం, అదే రోజు ఆ సినిమాలో కొత్తగా వచ్చిన హీరోయిన్‌కి డైలాగు నోరు తిరక్క ఏడుపొక్కటే తక్కువగా ఉంది, దాని మీద ఈ గొడవ. మరోసారి లైటు పట్టుకున్న కుర్రవాడు కునుకు తీసి లైటును ఓ పక్కకి వాల్చేసిన క్షణంలోనే పడింది. కష్టాలన్నీ కలిసికట్టుగా వస్తాయంటూ మేస్త్రి తల పట్టుకున్నాడు.

"అక్కా, నీది తలకాయా, జారుడుబల్లా?" అని అడిగేవాడు విసిగిపోయి.

"కొలత ఎక్కడో తప్పుతున్నావయ్యా," అనేది రాజమాత, ఇంత కల్లాకపటం లేని ముఖం పెట్టి.

"మెత్తటి తీగ నీ తల చుట్టూ వంచి, ఆ వంపు అట్ట మీద గీసుకుని, ఆ గీతకి వెంట్రుకవాసి తేడా రాకుండా చేశాను. ఇంకా కొలతెక్కడ తప్పుతుంది?"

"అయితే నా తలే పెరుగుతూ తరుగుతూ ఉంటుందేమో. వయసు మీద పడుతోంది కదా."

మేస్త్రికి ఇంట్లో కూడా శాంతి లేదు. కొత్త సినిమా వచ్చిన ప్రతిసారీ భార్యను తీసుకెళ్ళి పక్కనే కూర్చోబెట్టుకునేవాడు. "అదుగో చూడు, ఎడమ పక్క, వెనక వరసలో, ఆ మెరిసేది," అనేవాడు. ఆవిడ మెడ సాచి చూసేలోగా సీను మారిపోయేది. "మెరిసిందిలెండి, ఏదో," అనేది భార్య ఓదార్పుగా. ఆ మాటకి ఆయనకు తిండి సయించేది కాదు. తను చేసిన కిరీటం, ప్రతి ఆకూ ప్రతి ఈనే కనిపించేలా, తెర నిండా, ఒక్కసారి నిలవాలి. ఆయన ఈ జన్మకు కోరుకున్నది అంతే.

రాజమాత కోరికేమిటో ఆవిడకొచ్చే ఫోన్లు విని ఆయన తెలుసుకున్నాడు. ఆవిడకి ఒక తమ్ముడున్నాడు. ఎక్కడో దూరాన, ఓడరేవులో ఉద్యోగం. అక్క సినిమా వచ్చిందంటే మొదటి ఆటకే పోయి, బయటికి రాగానే ఫోను చేసేవాడు. దుస్తుల గదిలో పెట్టెల మీద కూర్చుని టీ తాగుతూ ఉండగా ఆ ఫోను వచ్చేది. ఆవిడ చెవి కాస్త మందం కాబట్టి అవతలి గొంతు గది మొత్తానికి వినిపించేది.

"అక్కా, సి... సినిమా చూశాను."

"కనిపించానట్రా?"

"కనిపించావు. రాజు ప్రమాణం చేసేటప్పుడు, కుడి పక్కన. వీ... వీపు."

"వీపు బాగుందా?"

"చాలా బాగుంది. నా పక్కన కూర్చున్నాయనకి చూపించి మా అక్క అని చెప్పాను."

"నమ్మాడా?"

"మొ... మొహం ఎప్పుడొస్తుందని అడిగాడు."

తమ్ముడికి చిన్నప్పటి నుంచీ నత్తి. మాట ఎక్కడైనా ఇరుక్కుంటే ఆవిడ తొందరపడి అందించేది కాదు. అది దానంతటదే బయటికి వచ్చేదాకా ఫోను చెవికి ఆనించుకుని, ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టు కూర్చునేది. ఫోను పెట్టేశాక మాత్రం కాసేపు టీ తాగడం మరిచిపోయేది.

"వాడికి ఒక్కసారి నా ముఖం కనిపించాలయ్యా," అంది ఒకనాడు. "అంత పెద్ద తెర మీద. పక్కవాడికి వేలు పెట్టి చూపించుకునేలా."

"కిరీటాన్ని కాస్త నిలబెట్టుకో అక్కా, మీ వాడికి నీ ముఖం, మా ఆవిడకి నా కిరీటం రెండూ ఒకేసారి కనిపిస్తాయి," అన్నాడు మేస్త్రి. ఆవిడ తలూపింది. ఊపినప్పుడు నెత్తి మీది కిరీటం మేకు దిగ్గొట్టినట్టు కదలకుండా ఉంది. ఆ సంగతి మేస్త్రికి ఆ రోజు తట్టలేదు.

అలా ఉండగా ఒక నవలను సినిమాగా తీస్తారన్న వార్త వచ్చింది. చదవని ఇల్లు లేని నవల అది. కొండల నడుమ ఓ బుల్లి రాజ్యం, అక్కడ నది ఎగువకి ప్రవహిస్తుంది, పక్షులు సలహాలిస్తాయి. ఆ నది ఎక్కడ పుట్టిందో చూసొస్తానని యువరాజు బయల్దేరతాడు. వాణ్ణి కోట ద్వారం దాకా సాగనంపే తల్లి పాత్రకు రాజమాతను పిలిచారు. నవలలో ఆ తల్లికి ఏకంగా ఓ అధ్యాయం ఉంది. ఆవిడ నవల కొనుక్కుని, ఆ అధ్యాయం మాత్రమే అట్ట నలిగేదాకా చదివింది. స్క్రిప్టు దగ్గరికి వచ్చేసరికి ఆ అధ్యాయం ఒక పేజీ అయింది. షూటింగు నాటికి ఆ పేజీ ఒక్క వాక్యమైంది.

"పుస్తకంలో ఈవిడ కొడుక్కి దారిలో ఏ పక్షిని నమ్మాలో, ఏ పక్షిని నమ్మకూడదో చెబుతుంది కదా బాబూ?" అని అడిగింది డైరెక్టర్ని.

"పక్షులు ఎలాగూ తర్వాత మాట్లాడతాయి కదమ్మా. మళ్ళీ మీరెందుకు?" అన్నాడు డైరెక్టరు. అతను మర్యాదస్తుడే గాని, గడియారం చూసుకుంటూ మర్యాద చేసే రకం.

అయితేనేం, ఆ ఒక్క వాక్యం ఉందా లేదా? అదీ క్లోజప్పులో. ముఖం తెర నిండా, కిరీటం తెర నిండా. రాజమాతకు కాళ్ళు నేల మీద ఆగలేదు. "నువ్వు వచ్చేదాకా ఈ తలుపు మూయనివ్వను." ఇదీ ఆవిడ డైలాగు. దాన్ని ఆవిడ అనని చోటు లేదు, అనని తీరు లేదు. బస్సు గుమ్మంలో నిలబడి కండక్టరుతో అంది.

"నేను లోపలే ఉన్నానమ్మా," అన్నాడు కండక్టరు. "మీరు పైకెక్కితే మూసుకుంటాం. బండి కదలాలి."

తను ఉండే భవనం కాపలావాడితో, కంట తడితో, గొంతు తగ్గించి అంది. "పదింటికి గేటు మూయకపోతే నన్ను పనిలోంచి తీసేస్తారమ్మా," అని అతను బతిమాలుకున్నాడు. పక్క వాటావాళ్ళ కోడలు ఫ్రిజ్ తలుపు తీసి ఉంచి లోపల వెతుక్కుంటుంటే, వెనక నుంచి వెళ్ళి గంభీరంగా అంది. ఆ అమ్మాయి చేతిలోని గిన్నె జారిపోయింది. ఇవన్నీ మరునాడు షెడ్డుకి వచ్చి మేస్త్రికి పూసగుచ్చినట్టు చెప్పేది.

మేస్త్రి కూడా తన వంతు తపస్సు చేస్తున్నాడు. ఈసారి విగ్గు లేదు, ఆవిడ సొంత నెరిసిన జుట్టే ఉంచమన్నారు. ఆయన కొలత మళ్ళీ మొదటి నుంచీ తీసుకున్నాడు. పల్చటి ఇత్తడి రేకుతో తీగ అల్లి, ఒక్కో ఆకుకీ ఈనెలు గీసి, రెండు ఆకుల మధ్య కనీ కనిపించనంత చిన్న పిట్టను కూర్చోబెట్టాడు. లోపలి అంచుకి మెత్తటి ఉన్ని దట్టంగా కుట్టాడు. చేశాక రాజమాత నెత్తిన పెట్టి పరీక్ష మొదలుపెట్టాడు.

"వంగు అక్కా."

వంగింది. పడలేదు.

"తల విదిలించు."

విదిలించింది. పడలేదు.

"గెంతు."

"ఈ వయసులోనా?"

"నా పరువు నీ నెత్తి మీద ఉంది. గెంతు."

ఆవిడ గెంతింది. షెడ్డులో విరిగిన సింహాసనాలు గజగజలాడాయి గాని కిరీటం మాత్రం చెక్కుచెదరలేదు. మేస్త్రి కళ్ళు చెమర్చాయి. రాజమాత పగిలిన అద్దంలో చాలాసేపు తనని తాను చూసుకుంది. "మా వాడు ఈసారి మొదటి ఆటకి పొద్దున్నే పోయి కూర్చుంటాడు," అంది తమ్ముణ్ణి తలుచుకుని.

ఆ రోజు రానే వచ్చింది. కోట ద్వారం సెట్టు. సాయంత్రం ఎండ ద్వారంలోంచి ఏటవాలుగా పడే కాసేపట్లోనే షాట్ తీయాలి. అంతా ఒకే షాట్. ముందు కెమెరా యువరాజు ముఖం మీద ఉంటుంది. అతను మూడు మాటలు చెబుతాడు. చివరి మాట అవుతుండగా కెమెరా మెల్లగా తిరిగి తల్లి ముఖం మీదికి వస్తుంది. అప్పుడు ఆవిడ వాక్యం. మర్నాడు ఆ ద్వారాన్ని పడగొట్టి అక్కడే గుహ కట్టాలి కాబట్టి మళ్ళీ తీద్దామంటే కుదరదు.

యువరాజు వేషం వేసినవాడు కొత్తవాడు. చూడచక్కని పిల్లాడు, గుర్రమెక్కితే అచ్చం నవలలోంచి దిగినట్టే ఉంటాడు. నోరు తెరిస్తేనే చిక్కు. చెప్పాల్సిన మూడు మాటల్లో ఆఖరిది "నాకు భయంగా లేదమ్మా" అన్నది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పిల్లాడికి ఎక్కడలేని భయమూ ముంచుకొచ్చి గొంతు పూడుకుపోతోంది. టేకు మీద టేకు పోతోంది. ఎండ జారిపోతోంది. పక్కన కుర్చీలో నిర్మాత కాలు మీద కాలేసుకుని, ఆ కాలు ఆడిస్తూ చూస్తున్నాడు. ఇవాళ కూడా ఇదే వరసైతే రేపటి నుంచి వేరే కుర్రాణ్ణి పెట్టుకుందామని ఆయన పొద్దున్నే తేల్చి చెప్పాడని సెట్టులో అందరికీ తెలుసు. ఆ పిల్లాడికీ తెలుసు, అదే అసలు గోల.

ఒక్క టేకుకి సరిపడా వెలుగు మిగిలింది. డైరెక్టరు రాజమాత దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు. చెవి మందం కాబట్టి, కిరీటం సర్దే మిషతో పక్కనే ఉన్న మేస్త్రికి కూడా వినిపించింది.

"అమ్మా, అతను తడబడినా మీరు ఆగకండి. కెమెరా మీ మీదికి వచ్చేస్తుంది. మీరు మీ మాట చెప్పేయండి, నాకది చాలు. అతని ముక్క రేపు ఇంకెవరి చేతనైనా చెప్పించుకుంటాను."

రాజమాత తలూపింది. కిరీటం కదల్లేదు. మేస్త్రి వెళ్ళి మానిటర్ వెనక నిలబడ్డాడు.

టేకు మొదలైంది. యువరాజు మొదటి మాట చెప్పాడు, బాగుంది. రెండోది చెప్పాడు, పరవాలేదు. "నాకు," అన్నాడు. ఆగాడు. "నాకు భ," అన్నాడు. కెమెరా కదలడం మొదలుపెట్టింది. నిర్మాత కాలు ఆడించడం మానేసి కుర్చీలోంచి లేచాడు. అక్కడున్న జనమంతా ఆ పిల్లాడి నోటి వంకే చూస్తున్నారు. మేస్త్రి ఒక్కడే పిల్లాడి నోరూ చూడలేదు, నిర్మాతనీ చూడలేదు. ఆయన కళ్ళు మానిటర్ అంచులోకి అప్పుడే వస్తున్న తన కిరీటం మీదే ఉన్నాయి. అందుకే, ఇన్నేళ్ళలో ఎవరూ చూడనిది ఆయన చూశాడు.

రాజమాత చెవులు కదిలాయి.

ముందు చెవులు రెండూ ఒకేసారి వెనక్కి వెళ్ళాయి. వాటితో పాటు నుదుటి చర్మం పైకి పాకింది. దాని వెనకే నెత్తి మీది జుట్టంతా దుప్పటి లాగినట్టు వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకి వచ్చింది. గాలి లేదు, చెయ్యి తగల్లేదు, తల వంచలేదు. గెంతితే కూడా పడని కిరీటం అటూ ఇటూ రెండుసార్లు ఊగి, కనుబొమ్మల మీద ఆగి, ముక్కు మీదుగా కిందికి దూకింది.

ఠంగ్.

"మళ్ళీనా?" అని డైరెక్టరు పెట్టిన కేక కోటగోడలకి తగిలి తిరిగొచ్చింది. నిర్మాత లేచిన మనిషి లేచినట్టే రాజమాత వైపు తిరిగి తిట్లు అందుకున్నాడు. అందరూ ఆవిణ్ణే తిట్టారు. ఆ పిల్లాడి సంగతే ఎవరికీ గుర్తులేదు. కిరీటం దొర్లుకుంటూ పోయి అతని కాళ్ళ దగ్గర గిరగిరా తిరిగి పడుకుంది. అతను దాని వంకా, చిన్నపిల్లలా బిక్కముఖం పెట్టిన రాజమాత వంకా చూశాడు. ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు. వంగి కిరీటం తీసి, దుమ్ము ఊది, ఆవిడ నెత్తిన పెట్టి, రెండు చేతులతో సర్దుతూ, ఆ నవ్వులోనే, ఇంట్లో అమ్మతో అన్నట్టు అన్నాడు.

"నాకు భయంగా లేదమ్మా."

కెమెరా ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి కెమెరామన్ ఆపలేదు. కాకపోతే కిరీటం వెంట కిందికి పోయిన కెమెరా, దానితోనే ఆవిడ వెనక నుంచి పైకి లేచి, పిల్లాడి ముఖం మీద ఉండిపోయింది. అతను ద్వారం దాటి వెళ్ళేదాకా ఫ్రేములో రాజమాతది వీపు మాత్రమే. డైరెక్టరు తిట్టే తిట్టు సగంలో మింగి, మానిటర్ చూసి నోరు తెరిచాడు. నిర్మాత మెల్లగా కూర్చున్నాడు. పిల్లాణ్ణి మార్చే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

"ఇప్పుడు నా ముఖం తీస్తారా బాబూ?" అని అడిగింది రాజమాత.

డైరెక్టరు ఆకాశం వంక చూశాడు. "వెలుగు పోయిందమ్మా," అన్నాడు. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది.

దుస్తుల గదిలో ఆవిడ పెట్టె మీద కూర్చుని నగలు తీసుకుంటుంటే మేస్త్రి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అక్కా, నీ చెవులు కదిలాయి."

"గాలికేమో."

"గాలికి జుట్టు కదులుతుంది, చెవులు కదలవు. నేను చూశాను."

ఆవిడ తలుపు వైపు ఓసారి చూసింది. ఖాళీ టీ గ్లాసు తీసి నెత్తి మీద బోర్లించుకుంది. తలా మెడా రాతిబొమ్మలా ఉంచి, చెవులు మాత్రం కదిపింది. గ్లాసు చకచకా నుదుటి దాకా నడిచి వచ్చి, ముందుకి పడింది. ఆవిడ ఒడిసి పట్టుకుంది.

"చిన్నప్పుడు నేర్చుకున్నాను," అంది. "బళ్ళో మాస్టారు మా వాణ్ణి నిలబెట్టి పాఠం అప్పజెప్పమనేవాడు. వాడికి మాట పెగిలేది కాదు. క్లాసు క్లాసంతా నవ్వడానికి కాచుకుని కూర్చునేది. వాడి ముఖం చూడలేకపోయేదాన్నయ్యా. నెత్తిన పలక పెట్టుకుని ఇలా పడేసేదాన్ని. నవ్వేదేదో నన్ను చూసి నవ్వేవాళ్ళు. నాలుగు తగిలించాలన్నా మాస్టారు నాకే తగిలించేవాడు. ఆ లోపల వాడికి మాట వచ్చేసేది."

"మరి కెమెరా నీ మీదికి వస్తోంది కదక్కా. నీ మాట చెప్పేస్తే సరిపోయేది. మీ వాడు నీ ముఖం చూసేవాడు."

"చూసేవాడు," అంది ఆవిడ. గ్లాసును చేతుల్లో తిప్పుతూ కూర్చుంది. "చూడాలనే ఉంది. ఇందాక ఆ పిల్లాడు 'నాకు భ' అని ఆగిపోయినప్పుడు అచ్చం మా వాడే కనిపించాడు. ఇక చెవులు నా మాట వినలేదు."

మేస్త్రికి ఒక్కొక్కటే కళ్ళ ముందు మెదిలాయి. డైలాగు నోరు తిరగని ఆ హీరోయిను. లైటు వాల్చేసిన ఆ కుర్రవాడు. వాళ్ళందరి మీదా పడాల్సిన తిట్లు. అన్నిటికన్నా వెనక నుంచి ఒక పట్టాభిషేకం వచ్చింది, నుదుటి మీద కారుతున్న బంగారం వచ్చింది. ఆయన పక్క పెట్టె మీద కూలబడ్డాడు.

"అక్కా, నా మొదటి సినిమా..."

"రంగు ఆరలేదు కదయ్యా," అంది రాజమాత తేలిగ్గా. "ఆ మూల నువ్వు చేతులు జోడించుకుని వణుకుతుంటే జాలేసింది. అప్పటికి నీకు సరిగ్గా మీసాలైనా లేవు."

పాతికేళ్ళకు పైగా తనని ఏడిపించిందనుకున్న ఆ నెత్తి వంక మేస్త్రి గుడ్లప్పగించి చూశాడు. ఇన్నాళ్ళూ పిన్నులూ రిబ్బన్లూ జిగురూ పెట్టి తను యుద్ధం చేసింది దేనితోనో తలుచుకుంటే ఆయనకి సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది. "జిగురు పెట్టినప్పుడు నొప్పి పుట్టిందా?" అని అడిగాడు.

"పుట్టకేం," అంది ఆవిడ.

సినిమా విడుదలయింది. మేస్త్రి భార్యనూ రాజమాతనూ చెరో పక్కన కూర్చోబెట్టుకుని చూశాడు. ఆ సీను వచ్చింది. కిరీటం నేల మీద పడి, తెర నిండా, ఆకులూ ఈనెలూ ఆకుల మధ్య పిట్టా అన్నీ కనిపించేలా గిరగిరా తిరిగింది. "అమ్మో, ఇది మీరు చేసిందేనా?" అని భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. యువరాజు నవ్వాడు, హాలంతా నవ్వింది, భయంగా లేదమ్మా అని అతను ద్వారం దాటి వెళ్ళిపోయాడు. తెర మీద తెరిచిన ద్వారం, దాని ముందు ఒక వీపు మిగిలాయి. అప్పుడు వీపు అవతల నుంచి రాజమాత గొంతు వినిపించింది. "నువ్వు వచ్చేదాకా ఈ తలుపు మూయనివ్వను." మనసు ఆగక డైరెక్టరు డబ్బింగులో చెప్పించిన మాట అది. నవ్వుతున్న హాలు గప్‌చుప్ అయిపోయింది. మేస్త్రి పక్కకి తిరిగి చూశాడు. చీకట్లో తన గొంతు తానే వింటున్న ఆ ముఖాన్ని ఏ కెమెరా అయినా తీసి ఉంటే బాగుండునని ఆయనకి ఎంతగానో అనిపించింది.

బయటికి రాగానే ఫోను మోగింది.

"అక్కా, చూశాను. వీ... వీపే."

"తెలుసురా."

"గొంతు విన్నాను. పక్కాయనకి చెప్పాను, మా అక్క గొంతని. ఈసారి న... నమ్మాడు."

"అంతే చాల్లేరా."

అవతల నవ్వు. "కిరీటం పడింది కదా. ఎవరి కో... కోసం పడేశావే?"

ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని నవ్వుతూ నిలబడింది.

కొన్నాళ్ళకి మరో సినిమా మొదలైంది. మరో రాజ్యం, మరో రాజు, పనిలేని మరో తల్లి. మేస్త్రి షెడ్డుకి పిలిచి కొత్త కిరీటం ఆవిడ నెత్తిన పెట్టాడు. ఆవిడ ఓసారి తల తిప్పి చూసుకుంది.

"ఏమయ్యా, వేలు దూరేంత వదులుగా ఉంది. నీ కొలత తప్పిందా?"

"తప్పించాను," అన్నాడు మేస్త్రి. "వయసు మీద పడుతోంది కదా, నీ చెవులకి శ్రమ తగ్గుతుందని. లోపల ఉన్ని కూడా తీసేశాను. చిన్నగా కదిపితే చాలు."

ఆయన బల్ల కింద నుంచి గుడ్డలో చుట్టిన ఇంకో కిరీటం తీశాడు. అదే నమూనా, అవే ఆకులు, లోపల మెత్తటి ఉన్ని, బిగువైన అంచు.

"ఇదెందుకు?"

"ఇది నీ ముఖం తీసే రోజుకి. ఆ రోజు నువ్వు ఎన్నిసార్లు చెవులు కదిపినా ఇది పడదు. ఎవరి మాట ఆగిపోయినా సరే, ఆ ఒక్క షాట్ నీదే."

రాజమాత దాన్ని పెట్టుకుని, పగిలిన అద్దం ముందు నిలబడి, నిటారుగా, తమ్ముడు చూస్తున్నట్టే చాలాసేపు చూసుకుంది. మేస్త్రి తొందరపెట్టలేదు. కాసేపయ్యాక ఆవిడ చెవులు కదిపి చూసింది. కిరీటం ససేమిరా కదల్లేదు.

"గట్టిదే," అంది తృప్తిగా. దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టి, "జాగ్రత్తగా దాచు," అని చెప్పి, వదులు కిరీటం నెత్తిన పెట్టుకుని షూటింగుకి వెళ్ళింది.